పొగక్క పాడుచేసిన మిషను

పొద్దున్న ఎనిమిదింటికల్లా ముందుగదిలో భర్త కుట్టుమిషను టకటక మొదలవుతుంది. ఆ చప్పుడు వినగానే పొగక్క వెనక షెడ్డు తలుపు తీసి, పెట్రోల్లో ఆయిలు కలుపుతూ కూర్చుంటుంది. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో ఇదే వరస. గడ్డి కోసే పాత మిషన్లు, అందులోనూ ఆయిలు కలిపిన పెట్రోలు పోస్తే తప్ప కదలని టూస్ట్రోక్ ఇంజిన్లు, విప్పి మళ్ళీ బిగించగలిగిన మనిషి ఊరు మొత్తానికి ఆమె ఒక్కతే మిగిలింది. ఏ ఇంజిను స్టార్టయినా షెడ్డంతా నీలం పొగ కమ్మేస్తుంది. ఆ పేరు అలా పడింది. అసలు పేరు చెప్పమంటే భర్త కూడా ఒక్క క్షణం తడుముకుంటాడు.

ఈ నలభై రోజులుగా మాత్రం ఆమెని పలకరించాలంటే వీధిలో అందరికీ భయంగానే ఉంది. కారణం కాలేజీ గ్రౌండు మిషను.

అది ఆమె కంటే వయసులో పెద్దది. ఆమె తమ్ముడు ఆ గ్రౌండులో పని చేస్తాడు. గడ్డి కొయ్యడం, నీళ్ళు పెట్టడం, సున్నంతో గీతలు గియ్యడం అన్నీ అతనివే. మిషను మొరాయిస్తే రిక్షా బండి మీద వేసుకొచ్చి షెడ్డులో దించాడు. "పది రోజుల్లో ఇచ్చేస్తాను, పో" అంది పొగక్క. ఆ మాట అన్నందుకు ఇప్పుడు తన నోరు తనే కుట్టుకోవాలన్నంత చిరాగ్గా ఉంది ఆమెకి.

జబ్బేమిటంటే, ఇంజిను వెనక్కి తిరుగుతుంది. తాడు లాగితే స్టార్టయి రెండు నిమిషాలు బుద్ధిగా నడుస్తుంది. తర్వాత ఖళ్ళున ఒక్క దగ్గు దగ్గి, ఠక్కున ఆగినట్టే ఆగి, రెండోవైపుకి తిరగడం మొదలుపెడుతుంది. నిప్పురవ్వ పడే క్షణం వెంట్రుకవాసి తప్పితే టూస్ట్రోక్ ఇంజిన్లు అలా చేయడం మామూలే. అలా వెనక్కి తిరుగుతున్నప్పుడు మిషను ఎక్కడెక్కడ నడిస్తే అక్కడ, కోసిన గడ్డి మళ్ళీ లేచి నిలబడుతుంది.

షెడ్డు వెనక మంచం పట్టేంత జాగాలో ఆమె ట్రయలు వేస్తుంది. మొదట వేలెత్తు గడ్డి నున్నగా తెగుతుంది. ఆనక దగ్గు, అక్కడక్కడే తిప్పి తిప్పి చూసేసరికి మోకాలెత్తు గడ్డి. రోజూ సాయంత్రం భర్త కత్తెర పక్కన పెట్టి, కొడవలి పట్టుకుని వెళ్ళి దాన్ని కోసి వస్తాడు.

"నువ్వు మొలిపించడం, నేను కొయ్యడం. బాగుంది మన కాపురం," అన్నాడు ఒకరోజు, నడుం పట్టుకుని.

"మిమ్మల్ని కొయ్యమని ఎవరన్నారు?"

"పక్కింటావిడ అంది. దోమలొస్తున్నాయట."

పిస్టన్ రింగులు మార్చింది. కార్బురేటరు విప్పి, సన్నటి తీగతో బెజ్జాలన్నీ పొడిచి కడిగింది. పాయింట్లు గీకింది, ప్లగ్గు మార్చింది. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో తేల్చే చక్రాన్ని ఇరుసు మీద కదలకుండా పట్టి ఉంచే గింజంత ఇనప ముక్క ఉంటుంది, దాన్ని 'కీ' అంటారు. అది సగం తెగి ఉంటే కొత్తది వేసింది. ఇంజిను మళ్ళీ వెనక్కే తిరిగింది. ఇంకోటి వేసింది. అప్పుడూ వెనక్కే. విప్పడం, బిగించడం, తాడు లాగడం, తిట్టుకోవడం. తాడు లాగి లాగి కుడి భుజం వాచింది. అన్నం ముద్ద ఎడమచేత్తో తింటుంటే భర్త చూసి, ఏమన్నా అంటే తంటా అని చూడనట్టు తల తిప్పుకున్నాడు.

తమ్ముడు రోజు విడిచి రోజు వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"అక్కా, ఎంతవరకొచ్చింది?"

"నువ్వొచ్చావుగా, దాంతో ఆగింది."

అతను నవ్వేవాడు. ఎదురు మాట్లాడే రకం కాదు. ఆరేళ్ళుగా టెంపరరీగా చేస్తున్నాడు. ఈ శనివారం కాలేజీ కమిటీ వాళ్ళు గ్రౌండు చూసి, అతన్ని పర్మనెంటు చెయ్యాలో, ఇంటికి పంపి పనిని ఏదో కంపెనీకి అప్పజెప్పాలో తేలుస్తారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తలుచుకునే కొద్దీ చేతులు తొందరపడేవి, తొందరలో నట్లు జారి ఎక్కడో పడేవి, వాటిని వెతుకుతూ నేల మీద పాకుతుంటే మరింత ఒళ్ళు మండేది.

గురువారం పొద్దున అసలు తప్పు దొరికింది. తప్పు కీది కాదు. ఇరుసు మీద ఆ కీ కూర్చునే గాడిలో ఉంది. ఏళ్ళ తరబడి నలిగి, కంటికి ఆననంత వెడల్పయింది. ఎన్ని కొత్త కీలు వేసినా లోపల కొంచెం ఆడుతోంది. పొగక్క ఆ గాడిని వెల్డింగుతో పూడ్పించి తెచ్చుకుంది. సన్న ఆకురాయి పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుని, కొత్త గాడి కోసింది. కీ వేలితో నొక్కితే దిగకుండా, సుత్తితో తట్టితేనే దిగేంత బిగువుగా కుదిరింది.

తాడు లాగింది. నడిచింది. రెండు నిమిషాలైంది, పది నిమిషాలైంది, గంటైంది. దగ్గు లేదు. గొంతు సవరించుకున్న మనిషి పాడినట్టు ఒకే శ్రుతిలో నడుస్తోంది. ట్రయలు జాగా మీద తిప్పితే గడ్డి తెగి, తెగినట్టే పడుంది.

"ఏవండీ! ఒకసారిలా రండి! రమ్మంటుంటే!"

భర్త మెడలో టేపుతో పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ పొగలో దగ్గుతూ నవ్వుతూ నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే తమ్ముడు వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఇదుగో నీ మిషను. విను, ఎలా ఉందో," అంది పొగక్క.

అతను విన్నాడు. "ముందుకే తిరుగుతోందా?" అన్నాడు నీరసంగా.

"నలభై రోజులు చచ్చీ చెడీ చేస్తే, నువ్వనే మాట అదా?"

అతను షెడ్డు గడప మీద కూలబడి చెప్పాడు. శనివారం దగ్గరికొచ్చేస్తోందని, ఈ మిషను రాదేమోనన్న భయంతో బజార్లో కొత్త రకం మిషను అద్దెకి తెచ్చాడట. దాని బ్లేడు ఎత్తు ఎలా సరిచెయ్యాలో తెలియలేదట. గ్రౌండు నడిమధ్య గడ్డిని వేళ్ళదాకా గొరిగేసిందట. గుండు కొట్టించినట్టు మట్టి బయటపడి ఉందట.

"అది మళ్ళీ మొలవడానికి రెండు నెలలు పడుతుంది. ఎల్లుండే వాళ్ళొస్తారు. ఈ మిషను వెనక్కి తిరుగుతుందిగదా అని పరిగెత్తుకొచ్చాను."

పొగక్కకి విషయం అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక చేతిలో స్పానరు నేలకేసి కొట్టింది.

"అంటే దీన్ని మళ్ళీ పాడుచెయ్యమంటావు?"

"నేనేమీ అనలేదక్కా."

"అదేదో నిన్న వచ్చి ఏడవొచ్చుగా! నిన్నటిదాకా ఇది మొలిపించి చస్తూనే ఉందిగా!"

"నువ్వు పది రోజులన్నావు." అతను నేల వంక చూస్తూ అన్నాడు. "నువ్వు అన్నట్టు ఇచ్చుంటే, నేను ఆ దిక్కుమాలిన మిషను జోలికి పోయేవాణ్ణే కాదు."

అతను ఆ మాట కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. అతను వెళ్ళిపోయాక ఆమె ఇంజిను ఆపి, స్టూలు మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. తన చేత్తో కోసిన గాడి. ఇంత మంచి పని తను మళ్ళీ చెయ్యగలదో లేదో కూడా తెలియదు. భర్త గుమ్మంలోకి వచ్చి, మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళాడు.

శుక్రవారం పొద్దున్నే ఆమె చక్రం నట్టు విప్పింది. కీ ఊడబీకి జేబులో వేసుకుంది. కీ లేకుండా, చక్రాన్ని కంటి అంచనాతో కొంచెం పక్కకి జరిపి బిగించింది. ఇలాంటి పని వేరే మెకానిక్కెవడైనా చేసి ఉంటే ఆమె వాణ్ణి షెడ్డు గడప తొక్కనిచ్చేది కాదు. మిషనుని గ్రౌండుకి చేర్చి, తమ్ముడు చూస్తుండగా తాడు లాగింది.

ముందుకే తిరిగింది.

"చూశావా! నలభై రోజులు ముందుకి తిరగమంటే వెనక్కి తిరిగింది. ఇప్పుడేమో..." ఆమె స్పానరు అందుకుంది.

మళ్ళీ విప్పింది. ఇంకాస్త జరిపింది. ముందుకే. ఇంకాస్త. అసలు స్టార్టే కాలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. గ్రౌండు మధ్యలో గడ్డి లేని ఆ మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె ఇంజినుని, తమ్ముణ్ణి, బజారు మిషనుని, దాన్ని అద్దెకిచ్చినవాణ్ణి వరసగా తిట్టింది. తమ్ముడు తన టవలు ఆమె తల మీద కప్పాడు. ఆమె దాన్నీ తిట్టింది గానీ తీసెయ్యలేదు. పన్నెండోసారో పదమూడోసారో, తాడుని చక్రానికి ఎదురుదిక్కున చుట్టి లాగింది. ఖళ్ళుమని దగ్గి, ఇంజిను వెనక్కి అందుకుంది. టకా టకా అని ఎముకలు విరుగుతున్నట్టు ఒకటే చప్పుడు. ఆమె పళ్ళు బిగబట్టి హ్యాండిలు తమ్ముడికిచ్చింది.

"తొయ్యి. ఆపకు. ఆగితే మళ్ళీ ఏ వైపు తిరుగుతుందో దానికే తెలియదు."

అతను తోశాడు. మిషను వెనకాల వేలెత్తున పచ్చటి చార ఒకటి లేచింది. దాని పక్కన ఇంకోటి. చీకటి పడేసరికి సగమైంది, శనివారం తెల్లారగానే తాడు ఎదురుదిక్కునే చుట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మట్టి జాగాలో ఒక్క మూల మిగిలుండగా, చెప్పిన టైము కంటే గంట ముందే కమిటీ వాళ్ళు గేటు దాటి వచ్చేశారు. నలుగురు. వాళ్ళలో పెద్దాయన నేరుగా మిషను దగ్గరికొచ్చి, చెవి ఒగ్గి విన్నాడు.

"ఏమయ్యా, వెనక్కి తిరుగుతోందిది. గడ్డి మొలుస్తోంది, కనపడట్లేదూ?"

"అవునండీ. ఈ మూల పలచగా ఉందనండీ," అన్నాడు తమ్ముడు.

"గడ్డి బాగానే ఉందిలే. గ్రౌండంతా తివాచీలా ఉంచావు, నీకు వంక పెట్టను. కానీ ఈ ఇంజిను! నేను కాలేజీ రోజుల్లో స్కూటరు నడిపినవాణ్ణి, నాకూ కాస్త తెలుసు. టైమింగు ఎక్కడో ఉంది. ఎవరు చేశారు రిపేరు? బొత్తిగా పని రానివాడెవడో చేసినట్టుంది."

తమ్ముడు నోరు తెరిచాడు. పొగక్క అతని కంటే ముందు అంది.

"నేనేనండీ చేసింది."

పెద్దాయన ఆమె చేతుల వంక, వాచిన భుజానికి కట్టిన గుడ్డ వంక చూశాడు. "నేర్చుకోవాలమ్మా," అన్నాడు జాలిగా.

"నేర్చుకుంటానండీ."

వాళ్ళు చెట్టు కింద కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. తమ్ముణ్ణి పిలిచి సంతకం పెట్టించుకున్నారు. పొగక్క దూరంగా మెట్ల మీద కూర్చుంది. పాతికేళ్ళలో ఆమె పని చూసి అలాంటి మాట అన్నవాళ్ళు లేరు. చెవులు ఇంకా మండుతూనే ఉన్నాయి. కాసేపటికి తమ్ముడు కాగితం పట్టుకుని, చిన్నపిల్లాడిలా గ్రౌండుకి అడ్డం పడి పరిగెత్తుకొచ్చాడు. రొప్పుతున్నాడు, కళ్ళనిండా నీళ్ళు.

"అక్కా, ఖాయం చేశారు! వినపడిందా? ఖాయం చేశారే!"

"వినపడింది," అంది పొగక్క. ఆ మూలన ఆపకుండా వదిలేసి వచ్చిన మిషను ఇంకా టకా టకా కొట్టుకుంటూనే ఉంది. "ముందు వెళ్ళి దాన్ని ఆపరా. ఆ చప్పుడు వింటుంటే నా ప్రాణం పోతోంది."