ముందు అత్తమ్మ గొంతు

మా భోపాలపట్నం చర్చిలో కీర్తన చదివే పద్ధతి ఒకటుంది. ఒక వచనం పాస్టర్ గారు చదివితే తర్వాతి వచనం సంఘమంతా కలిసి చదవాలి. సంఘంలో సగం మందికి చదువు రాదు కాబట్టి మా అత్తమ్మ సుధామణి ముందు అందుకుంటే ఆమె గొంతు వెంట వెళతారు. ఆమెకూ చదువు రాదు. విన్నది మాత్రం పోనివ్వదు; పాత బైబిలు కీర్తనలన్నీ అలాగే నోటికొచ్చాయి. ఇరవై ఏళ్లుగా ఇది ఎవరికీ ఇబ్బంది కాలేదు.

పాస్టర్ గారు వాడుక తెలుగులో ఉన్న కొత్త బైబిళ్లు ముప్ఫై తెప్పించాక అయింది. సంఘ పెద్ద రాంప్రసాద్ లేచాడు.

"పాత మాటలల్ల బరువుంటది. గిది పేపర్ లెక్కుంది. మా పెద్దమ్మ నోరు మూయిస్తరా ఏంది?"

"సుధామణమ్మ గారు కూర్చుని వింటారు లెండి," అన్నారు పాస్టర్ గారు మెత్తగా.

ఆదివారం కొత్తదే చదవాలి, సంఘం తడబడితే పుస్తకాలు వెనక్కి పంపాలి అని ఫైసలా అయింది. అత్తమ్మను ఎవరూ అడగలేదు.

రెండు రోజులు ఆమె చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. మూడోనాడు నన్ను పిలిచింది. "గా కొత్తది తే బిడ్డా, సదువు. నా దిక్కు కొట్లాడెటోళ్లు మస్తుమంది ఉన్నరు, సదివి ఇనిపిచ్చెటోళ్లే లేరు."

నా బి.ఏ.కి పెళ్లయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం అది. ఆదివారం చదవాల్సిన 'యెహోవా నా కాపరి' కీర్తన నాలుగు రోజులు చదివాను.

"తేడా తెలుస్తోందా అత్తమ్మా?"

"పాతదాంట్ల కాపరి కచ్చేరిల నిలబడి మాట్లాడినట్టుండె. గిండ్ల మన అరుగు మీద కూసున్నడు. మనిషి ఆయనే."

ఆదివారం పాస్టర్ గారు మొదటి వచనం చదివారు. జనం పేజీలు వెతుకుతున్నారు. రాంప్రసాద్ తన పాత బైబిలు తెరిచి గట్టిగా పాతది అందుకున్నాడు. అంతకన్నా గట్టిగా అత్తమ్మ కొత్తది అందుకుంది. సంఘం అలవాటుగా ఆమె వెంట వెళ్లింది. రాంప్రసాద్ మధ్యలో ఆగిపోయాడు.

కీర్తన అయ్యాక అడిగాడు. "పెద్దమ్మా, నువ్వు గూడ పార్టీ మారినవా?"

"నాకు పార్టీ ఏంది? పాతది గూడ ఉన్నది, ఇను." మొదటి నుంచి చివరిదాకా ఒప్పజెప్పింది. "ఇగ నువ్వు చెప్పు, పుస్తకం మూసి."

రాంప్రసాద్ రెండు వచనాలు చెప్పి దగ్గాడు. బాగా దగ్గాడు.

అత్తమ్మ అక్కడితో ఆగలేదు. పదేళ్లుగా చివరి వరుసలో కూర్చుని, బజారు తెలుగు తప్ప అర్థంకాక అన్నిటికీ తలూపే గంగా వైపు తిరిగి, అదే కీర్తన ఆమె గూడెం భాష దోర్లీలో చెప్పింది. దానికి పుస్తకం లేదు. మాట దొరకనిచోట ఆగి, వెతుక్కుని, మళ్లీ నడిచింది. గంగా లేచి నిలబడింది.

"గిదేనా మీరు ఇన్నేండ్లు సదివేది? మంచిగనే ఉన్నది గదా! ముందే చెప్పొద్దా?"

చర్చి ఘొల్లున నవ్వింది. పాస్టర్ గారు గంగాను ముందు వరుసకు పిలిచారు. కీర్తన మళ్లీ మొదలుపెట్టి, ఒక వచనం చదివి, అత్తమ్మ కోసం ఆగారు. ఆమె తెలుగులో ఒకసారి, దోర్లీలో ఒకసారి అందుకుంది. సంఘం జవాబు బజారు దాకా వినిపించిందట. అందులో రాంప్రసాద్ గొంతు కూడా ఉంది. ఏ అనువాదంలో ఉందో నేను పట్టించుకోలేదు.