శాలిహుండంలో ఒక మంగళవారం

ఆదివారం మా ఇంట్లో పద్నాలుగు మందికి ఇడ్లీలు వెయ్యాలి. మనిషికి నాలుగేసి. రెండు చట్నీలు, ఫ్లాస్కు నిండా రాగిజావ. మా బావ ధనరాజ్ స్నేహితులతో కలిసి శ్రీకాకుళంలో ఒక నడక బృందం పెట్టాడు. మా ఆయనే, మేనత్త కొడుకు కాబట్టి పెళ్లయ్యాక కూడా బావా అనే పిలుస్తాను. ప్రతి ఆదివారం వాళ్లంతా కార్లలో శాలిహుండం వెళ్తారు. అక్కడ కొండ మీద పాతకాలపు బౌద్ధ స్తూపాలున్నాయి. "వేల ఏళ్లనాటి ఇటుకల మధ్య నడిస్తే బీపీ తగ్గుతుంది, నిద్ర పడుతుంది, మనసు తేలికవుతుంది" అని బావ గ్రూపులో రాస్తుంటాడు. పంపేముందు నాకు చూపిస్తాడు. నేను పెళ్లికి ముందు తెలుగు పండిట్ ట్రైనింగ్ చేశాను కదా, తప్పులు దిద్దుతాను. అలా దిద్దీ దిద్దీ, చూడకుండానే ఆ కొండంతా నాకు కంఠతా వచ్చేసింది.

మొన్నీమధ్య మోకాళ్ల నొప్పులకీ, నిద్ర పట్టకపోవడానికీ డాక్టర్ రాజకుమారి గారి దగ్గరకు వెళ్లాను. ఆవిడ రక్తపరీక్ష కాగితం చూసి, "ఒంటికి ఎండే తగలడం లేదమ్మా మీకు. మాత్రలు రాస్తాను గానీ రోజూ అరగంట బయట నడవండి. ఇంట్లో తిరగడం లెక్కలోకి రాదు" అన్నారు. ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. బావ ఫోన్లోంచి తలెత్తలేదు.

"పొద్దున లేసింది మొదలు తిరగతానే ఉంతావు గదే. నీకు మళ్లీ వాకింగేటి?"

మంచం మీంచి అత్త అందుకుంది. "డాబా మీద బట్టలారేత్తాది గదరా, ఎండ తగల్దేటి?"

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ సిగ్గుపడతాను. పోనీ ఆదివారం మీతో వస్తానంటే, "ఆడోలు ఎవులూ రారే. ఒక్కదానివే ఏటి సేస్తావక్కడ?" అన్నాడు.

ఒక ఆదివారం చట్నీ డబ్బాలు మరిచిపోయి వెళ్లాడు. గంటకి ఫోను. "నీలా, ఆటో మాటాడుకుని తెచ్చీ. అందరూ ఆకలి మీదున్నారు." స్టవ్ ఆపి, చీర కొంగుకి చేతులు తుడుచుకుని బయల్దేరాను.

కొండ కింద నీడలో చాపలు పరుచుకుని కూర్చున్నారు. దేవేంద్ర మాస్టారు నన్ను చూసి, "వదినా, నీ సట్నీ నేపోతే మేం కొండెక్కలేం" అని, ఫోను నా చేతికిచ్చి అందరినీ ఒక ఫోటో తియ్యమన్నాడు. తీశాను. బావ ఇడ్లీ తుంచుతూ, "ఇంక ఎల్లు. అమ్మకి పదికి మాత్ర ఉన్నాది" అన్నాడు. ఆటో అతనేమో టీ తాగి అరగంటలో వస్తానని వెళ్లాడు. ఆ అరగంట ఏం చెయ్యాలో తెలియక మెట్ల వైపు నడిచాను.

మోకాళ్లు కలుక్కుమన్నాయి. రెండుచోట్ల కూర్చున్నాను. పైకి చేరేసరికి ఎర్రటి ఇటుకల గుండ్రటి కట్టడాలు, వాటి సందుల్లో గడ్డి, కింద ఇసుక మేటల మధ్య వంశధార, దూరంగా ఒక నీలం గీతలా సముద్రం. ఎండ వీపుకి తగులుతుంటే హాయిగా ఉంది. ఇదంతా ఎవరికైనా చెప్పాలనిపించి ఫోను తీశాను. అమ్మ పోయి రెండేళ్లు. విశాఖలో ఉద్యోగం చేసే మా అమ్మాయి అనూరాధ ఆదివారమైనా మీటింగులో ఉన్నానంటుంది. మిగతా నంబర్లన్నీ గ్యాసు, పాలు, మందుల షాపు, అత్తకి సూది వేసే నర్సు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు చూశాను. కొండ మీద నాకెవరూ లేరు. ఇంట్లో కూడా ఎవరూ లేరన్న సంగతి అక్కడే తెలిసింది.

కళ్లు తుడుచుకుంటుంటే చీపురు చప్పుడు ఆగింది. అక్కడ ఊడ్చే మనిషి, పేరు జగ్గమ్మ అట. నన్ను ఎగాదిగా చూసింది.

"ఒక్కదానివే వచ్చినావేటమ్మా?"

"మావాళ్లు కింద ఉన్నారు. ప్రతి ఆదివారం వస్తారే, వాళ్లు."

"ఆ బాబులా? ఆలెప్పుడు పైకొచ్చినారు! నాలుగు మెట్లెక్కీసి, పొటోలు తీసుకుని, తినీసి ఎల్లిపోతారు. నువ్వే నయం."

దిగి వచ్చి ఆటో ఎక్కాను.  సాయంత్రం బావ ఎప్పటిలాగే ఫోను నా ముందు పెట్టాడు. 'శిఖరం మీద నిలబడితే శ్వాస స్వచ్చమవుతుంది' అని రాసి ఉంది. 'చ్చ'ని 'చ్ఛ' చేసి తిరిగి ఇచ్చేశాను.

మంగళవారం బావ ఆఫీసుకి వెళ్లాక వంట చేసి మూతలు పెట్టాను. మాత్రలూ నీళ్లూ అత్త చేతికందేలా ఉంచాను. పక్కింటి అరుణశ్రీని మధ్యలో ఒకసారి చూసి వెళ్లమని చెప్పాను.

"ఎక్కడికే?" అంది అత్త.

"కొండ మీదికి. నడవడానికి."

 తిడుతుందనుకున్నాను. "గొడుగట్టుకెల్లు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

బస్సు దిగి, ఆటో మారి వెళ్లాను. ఈసారి ఒక్కచోటే కూర్చున్నాను. పైన ఎవరూ లేరు. గాలి ఒకటే. మొన్నటి దిగులు అలాగే ఉంది గానీ, దాని పక్కన కూర్చోవడం కష్టంగా లేదు. చెప్పులు విప్పి వెచ్చటి రాతి మీద పాదాలు పెట్టుకున్నాను. ఫోను మోగింది.

"ఎక్కడున్నావే? అమ్మేటో కొండకెల్లావంతాది!"

"అవును బావా. శాలిహుండం వచ్చాను."

"ఎవులితోటి?"

"ఎవరూ లేరు."

 "సర్లే, తొరగా దిగు. ఎంతసేపు పడతాది?" అన్నాడు.

"ఏమో బావా, ఇంకా ఎక్కుతున్నాను" అన్నాను.

ఎక్కేసి అప్పటికి గంటయింది.