నెత్తురుదొర ఏడు రోజుల కథ

సన్యాసమ్మ ఆ సినిమా చూడలేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే చోడవరంలో ఏడు రోజులపాటు దాన్ని కథగా చెప్పింది ఆవిడే. విన్నవాళ్ళలో సగంమంది ఆవిడ దాన్ని పదిసార్లు చూసిందనే అనుకున్నారు.

సినిమా పేరు "నెత్తురుదొర". యాభై మూడులో ఊరి చివర డేరా వేసి ఆడించారు. అందులో ఒక జమీందారు పగలంతా బంగళా తలుపులు బిగించుకుని పడుకుంటాడు, చీకటి పడ్డాక కూలీల మెడ కొరికి నెత్తురు తాగుతాడు. ఆ హత్యలు ఎవరు చేస్తున్నారో తేల్చడానికి ఒక ఇన్‌స్పెక్టరు వస్తాడు. దొర కన్ను వకుళ అనే పిల్ల మీద పడుతుంది. ఇంతవరకే అందరికీ తెలుసు. చివరి రెండు రీళ్ళున్న పెట్టె ఊరికి రానేలేదు. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అంటూ డేరావాళ్ళు అయిదు రోజులు అంతవరకే ఆడించారు, జనం విరగబడి చూశారు. ఆరో రోజు గాలివానకు డేరా చిరిగింది. డేరావాళ్ళు మూట కట్టుకుని పోయారు.

చివర తెలియని సినిమాకి ఉన్న గౌరవం చివర తెలిసినదానికి ఉండదు కాబోలు. మూడేళ్ళయినా బెల్లం గానుగల దగ్గర, టీ కొట్టు దగ్గర అదే గొడవ. దొర చచ్చాడని ఒకడు, వకుళ కూడా కోరల మనిషైపోయిందని ఒకడు. ఈ గొడవ మీద మాట్లాడుకోవడం మానేసిన బావామరదులు కూడా ఉన్నారు.

సన్యాసమ్మది జముకుల కథ. జముకంటే ఒక పక్క తోలు మూసిన డబ్బా, దాని నడుమ బిగించిన నరం. మీటితే జుంయ్ మంటుంది. సన్యాసమ్మ నిలబడి కథ చెబుతుంది. మరిది దాసు జముకు మీటుతూ, చెల్లెలు నూకరత్నం గొంతు కలుపుతూ వంత పాడతారు. మొగుడు పోయాక జముకు దాసు చేతికి వచ్చింది. అప్పటినుంచి పదేళ్ళుగా వాడు మీటుతున్నాడు, "ఆఁ, అప్పుడేటైంది?" అని అడుగుతున్నాడు. వంతవాడి పని అంతే. కథ మాటలు వాడి నోట రాకూడదని ఆ ఇంటి కట్టుబాటు.

ఆ దాసు సంక్రాంతి వెళ్ళిన మూడో రోజున, "వొదినా, నాను కలకత్తా ఎల్తన్నాను. జనపమిల్లులో పనుందంట. దేవదానం బావ పై ఆదివారం ఎల్తన్నాడు, ఆడితో పోతాను" అన్నాడు.

మూడో మనిషి పోతే కథ లేదు. కథ పోతే తనలో ఇంకేం మిగులుతుందో సన్యాసమ్మకు తెలియలేదు.

"జనం రావట్లేదనేట్రా?"

దాసు జముకు నరం బిగించుకోసాగాడు. అదే కారణమని ఆవిడ తీర్మానించేసుకుంది. మనకు తెలిసిన కారణమే ఎదుటివాడిదీ అనుకోవడంలో ఎంత సుఖముందో!

"ఆఖరు కథ ఒకటి సెప్పి పో. ఏడు రోజులు. ఏ కథో నువ్వే కోరుకో" అంది.

"నెత్తురుదొర" అన్నాడు దాసు, ఎప్పటినుంచో నాలుక చివర పెట్టుకున్నవాడిలా.

డేరా సినిమా అంటే సన్యాసమ్మకు ఒళ్ళు మంట. అయినా ఒప్పుకుంది.

పొద్దున్నే దాసు ఆ రోజు ముక్క చెప్పేవాడు, ఆవిడ దాన్ని పాటలోకి మలిచేది. వాడు చెబుతుంటే నూకరత్నం పొయ్యి మీద గంజి పొంగిపోతున్నా కదిలేది కాదు. "సినిమా అంటే ఇదే కాబోలు, ఎంత మందు పెట్టేరో" అనుకునేది సన్యాసమ్మ కసిగా.

"కారు తీసేస్తే ఎలాగొదినా? దొర కారులోనే కదా వస్తాడు!"

"కారుకి జముకు మోగదురా. ఎడ్లబండైతే మోగుతాది."

ఇన్‌స్పెక్టరుకి ఒక తల్లిని ఇచ్చింది, తల్లి లేనివాడిని కథలో ఎవరు నమ్ముతారని. తోటలో పాట మొత్తం తీసిపారేసింది. దొరకు ఏడు తరాల వంశం కట్టింది. దాసు తల పట్టుకున్నాడు గాని, వంశం విన్నాక మాత్రం నవ్వేశాడు.

కోతలయిపోయిన కళ్ళంలో, పొద్దు వాలకముందే కథ మొదలయ్యేది. మొదటి రోజు నలభై మంది. రెండో రోజు పాతిక. కథలో మనిషిని కష్టంలో వదిలి లేవకూడదని ఇంకో కట్టుబాటు ఉంది. అందుకని రోజూ వకుళను దొర నుంచి తప్పించి, అన్నం పెట్టి, పడుకోబెట్టి మరీ ఆపేది సన్యాసమ్మ.

"ఆ గుంట కడుపు నిండి పడుకుంటే రేపెవుడొస్తాడొదినా? కోరలు మెడ మీద ఉండగా లెగాలి" అన్నాడు దాసు.

మూడో రోజున ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుని, కోరలు వకుళ మెడకు ఆనిన చోట లేచిపోయింది.

మర్నాడు తెల్లారేసరికి కోటపాడు దారిలో ఉండే అచ్చియ్యమ్మ పసుపుకొమ్ము, నిమ్మకాయలు, ఒక ఇనప మేకు పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. "నీకు ఆడపిల్లల్లేరేటే? ఆ గుంటని అలా ఒగ్గేసి ఎలా నిద్రపోయేవు? ఇయి దాని తలకింద ఎట్టు" అని తిట్టిపోసింది. ఆమె వెనక ఇంకో ముగ్గురు. ఆ సాయంత్రం సన్యాసమ్మ పసుపుకొమ్మును కథలోకి తెచ్చి వకుళను లేపింది. కళ్ళంలో చోటు చాలలేదు. వడ్డాది నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు.

ఇంత జరిగినా ఆరో రోజు రాత్రి దాసు రేకుపెట్టెలో బట్టలు సర్దుకున్నాడు.

"జనం వచ్చేరు కదరా, ఇంకేటి?"

"జనం నీ కోసం వస్తన్నారొదినా. మంచిదే" అన్నాడు వాడు తల ఎత్తకుండా. ఆవిడకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ దాచుకుంది.

"పోనీ సివర ఏటి సెయ్యను?"

"ఆ రీళ్ళు నానేటైనా సూసేనా? నీ ఇష్టం. కథ నీదే కదా."

ఏడో రోజు కళ్ళం గట్ల మీద కూడా మనుషులే. సన్యాసమ్మ తుపాకీ ముగింపు సిద్ధం చేసుకొచ్చింది. ఇన్‌స్పెక్టరు గురి పెట్టాడు. పేల్చాడు.

"తుపాకీకి సచ్చిపోయేవోడైతే మూడేళ్ళు కొట్టుకుని సచ్చేవాళ్ళమా మేం?" అని బండి తోలే పరదేశి అరిచాడు. జనం ఊఁ అని నిట్టూర్చారు. ఆ నిట్టూర్పుకు భయపడి సన్యాసమ్మ దొరను చావనివ్వలేదు. గుండు తగిలినా పకపకా నవ్వించింది. నవ్వించాక ఏం చేయాలో తోచలేదు.

"ఆఁ, అప్పుడేటైంది?" అన్నాడు దాసు, జముకు మీటి.

సన్యాసమ్మ కొంగు సర్దుకుంది.

"అప్పుడేటైందొదినా?"

పాతికేళ్ళలో ఎన్నడూ ఆగని మనిషి ఆగిపోయింది. సిగ్గుతో మరిది వైపు చూసింది. వాడి పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేకుండా, వేగంగా కదులుతున్నాయి. వాడికి చివర తెలుసు! రీళ్ళు చూసి కాదు, మూడేళ్ళుగా కట్టుకుని దాచుకున్నాడు. గంజి పొంగబెట్టింది సినిమా కాదు, వీడి నోరు. పదేళ్ళు ఈ నోటితో ఒక్క ప్రశ్నే అడిగించింది తను. ఎంత గుడ్డిదాన్ని అనుకుంది సన్యాసమ్మ. వాడు పారిపోతున్నది జనం లేక కాదు.

గబుక్కున వెళ్ళి నూకరత్నం పక్కన కూర్చుని, వాడి చేతిలోంచి జముకు లాక్కుంది.

"లెగరా. నువ్వు సెప్పు."

"తప్పొదినా..."

"తప్పైతే నా తల మీద ఎయ్యి. లెగు."

దాసు లేచాడు. మొదటి మాట వణికింది, రెండోది వణకలేదు. "తుపాకీ ఓడిపోయింది బాబూ! తెల్లారింది. దొర తొంగున్నాడు. అప్పుడు ఆడి సేత మనిషిని పోగొట్టుకున్న ప్రెతి ఇంటినుంచీ ఒకలొచ్చేరు. కత్తుల్లేవు, కర్రల్లేవు. నిచ్చెనేసి బంగళా ఎక్కేరు. ఇంటికో పెంకు తీసేరు. ముందు వకుళమ్మ తీసింది. తండ్రి పేరు సెప్పి తీసింది. తరవాతెవరు?"

దొరల కింద వెట్టి చేసి పోయినవాళ్ళు లేని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు.

"నాదో పెంకు! మా అయ్య పేరు సెప్పు, పోలయ్య!" అంది అచ్చియ్యమ్మ, లేచి నిలబడి.

"నాదో పెంకు!" అన్నాడు పరదేశి. గట్టు మీంచి ఒకరు, బండి మీంచి ఒకరు, పేరు తరువాత పేరు. చెప్పిన ప్రతి పేరునూ దాసు పాటలో అతికాడు, పెంకు పెంకూ తీయించాడు. కప్పంతా తెరుచుకుని ఎండ దొర మంచం మీద పడింది. దొర బూడిదయ్యాడు. ఏడుస్తున్నవాళ్ళు నవ్వుతున్నారు, నవ్వుతున్నవాళ్ళు ఏడుస్తున్నారు. సన్యాసమ్మ రెండూ చేసింది.

మంగళహారతి అయ్యాక దేవదానం జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఒరే దాసూ, ఆదివారం బండికి సిద్దమేనా?"

దాసుకి వినపడనేలేదు. వాడు వదిన మీద విరుచుకుపడుతున్నాడు. "దొర బూడిదైన కాడ జముకు మీటడం మర్సిపోయేవు, వంత కూడా అందుకోలేదు. సోమారం వడ్డాది సంతలో ఇలా సేస్తే నాను ఊరుకోను."

"అలాగే బాబూ, తప్పైపోయింది" అంది సన్యాసమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.