నాలుగు కోడిపుంజులు

జక్రయ్య నీలం వైరు తొక్కను పంటితో లాగి, లోపలి ఎనిమిది తీగలను గోటితో దువ్వాడు. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ. ఆ వరస వేళ్ళకే తెలుసు. కొసలు జాకులో దూర్చి పటకారుతో నొక్కాడు.

మార్టూరులో గ్రానైటు పాలిషింగు యూనిటు నడిపే చెంచురామయ్య ఇల్లు అది. కింద గదిలో విండోస్ తొంభై ఎనిమిది ఉన్న పాత కంప్యూటరు. మేడమీద కూతురు శ్రీరమ్యకి కొన్న కొత్త విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు. రెంటినీ కలిపి రమ్మని చీరాల కంప్యూటరు షాపు ప్రేమ్‌చంద్ పొద్దున్నే బస్సెక్కించాడు.

జక్రయ్య బడి మూడో తరగతితో సరి. ఇంగ్లీషు రాదు. టీవీ కేబుళ్ళు లాగేవాణ్ణి ప్రేమ్‌చంద్ ఈ పనిలో పెట్టి ఆరేళ్ళయింది. తెరమీద వచ్చే ప్రతి పెట్టెనీ పెన్సిలుతో నోటుబుక్కులో గీసుకున్నాడు. నొక్కాల్సిన చోట చుక్క. కంప్యూటరు ఆగి మళ్ళీ లేవాల్సిన చోట కోడిపుంజు. షాపులో ఈ పని తెలిసినవాడు అతనొక్కడే. పోయిన నెల ప్రేమ్‌చంద్ "బాగుందే జక్రయ్యా, ఒక్క రోజు ఉంచుకుంటా" అని ఆ పుస్తకం అడిగి తీసుకున్నాడు. ఆ పూట జక్రయ్య ఓ ముద్ద ఎక్కువే తిన్నాడు. పుస్తకం ఇంకా తిరిగి రాలేదు.

పాత కంప్యూటరు సీడీ అడిగింది, ఆగింది, లేచింది, మళ్ళీ అడిగింది. మధ్యాహ్నం దాటింది. మేడెక్కి కొత్తదాని ముందు కూర్చోబోయాడు.

"ఇది నేను చేసేశానండీ," అంది శ్రీరమ్య. "కంప్యూటరుతో పాటు షాపు వాళ్ళు కాగితాలిచ్చారుగా. అది చూసి నొక్కుకుంటూ పోయా. ఇంతకీ అంకుల్, ఈ కోడిపుంజు ఏంటండీ?"

జిరాక్సు కాగితం. పైన షాపు పేరు. కింద అతని గీతలు, అతని చుక్కలు. పుంజు తోక దగ్గర అతను రబ్బరుతో చెరిపిన మచ్చ కూడా దిగింది.

"మళ్ళీ లేవడం అమ్మా అది."

"ఎవరో గానీ భలే గీశారే! రెండిట్లో ఏది సులువండీ?"

"కిందదానికి నాలుగు పుంజులు. దీనికి ఒకటే."

"మా కాలేజీలో ఇచ్చిన లైనక్సుకో?"

"దానికి బొమ్మల్లేవమ్మా. అంతా రాతే. నావల్ల కాలేదు."

ఆ పిల్ల కాగితం వంక చూసింది, తర్వాత అతని వంక చూసింది.

సాయంత్రం షాపులో ప్రేమ్‌చంద్ తలెత్తకుండానే అన్నాడు. "నీ బొమ్మలు జనానికి భలే ఎక్కాయి జక్రయ్యా. ఎవరింట్లో వాళ్ళే కలిపేసుకుంటున్నారు."

"మరి నేనండీ?"

"పనుంటే కబురు పెడతాగా."

"చెప్పి చేయొచ్చు గదండీ."

"అడిగే తీసుకున్నాగా!"

డ్రాయరు లాగి పుస్తకం బల్లమీద పడేశాడు. జిరాక్సు కోసం పిన్నులు పీకేశారు. విడి పేజీలకి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

జక్రయ్య సంచిలోంచి షాపు పటకారు తీసి దాని పక్కన పెట్టాడు. చెప్పులు వేసుకుని, బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

బల్లమీద కాగితాల కట్ట అలాగే ఉంది. పై పేజీలో పుంజు మెడమీదుగా రబ్బరు బ్యాండు బిగిసి ఉంది.