బలపరచేవారు లేని తీర్మానం

హెస్టర్ పామర్‌కు కావలసింది ఒక్క తేదీ. సెయింట్ లూక్ ఎపిస్కోపల్ చర్చికి నూరేళ్లు పూర్తవుతున్నాయని పాస్టరుగారు ఒక పుస్తకం వేయిస్తూ, ఆడవాళ్ల సంఘాల చరిత్ర రాసే పని ఆమెకు అప్పగించారు. కుట్టుపని సంఘం, బలిపీఠం గుడ్డలు ఉతికే సంఘం, తను ఉన్న సెయింట్ ఆన్ సంఘం, అన్నిటి పుట్టుపూర్వోత్తరాలూ దొరికాయి. మార్తా సంఘం ఎప్పుడు మూతపడిందో మాత్రం ఏ కాగితంలోనూ లేదు. శుక్రవారానికల్లా పుస్తకం ప్రెస్సుకు వెళ్లాలి.

ఆ సంఘంలో మిగిలింది ఆల్థియా బ్రాన్సన్ ఒక్కతే. తొంభై ఒక్క ఏళ్ల మనిషి. మంగళవారం మధ్యాహ్నం చర్చి హాల్లో ఉంటుందంటే హెస్టర్ వెళ్లింది. పొడవాటి బల్లకు ఒక చివర, టోపీ పెట్టుకుని, ఒక్కతీ కూర్చుని ఉంది ముసలావిడ.

"కూర్చో. ఇంకా ప్రార్థన కాలేదు."

"ఇంకా ఎవరు రావాలండీ?"

"రావలసినవాళ్లంతా కొండమీద సమాధుల్లో ఉన్నారు. నేను వచ్చాగా, చాల్దూ?"

ప్రార్థన చేసింది. పుస్తకం తెరిచి, పోయిన నెల సమావేశంలో ఏం జరిగిందో రాసిన మినిట్సు పైకి చదివింది. తరవాత లేచి నిలబడి, "ఈ సంఘాన్ని మూసివేయాలని ప్రతిపాదిస్తున్నాను. బలపరచేవారు?" అని ఖాళీ కుర్చీలను ఒక్కొక్కదాన్నే చూసింది. కూర్చుని రాసుకుంది: బలపరచేవారు లేనందున వీగిపోయింది.

హెస్టర్ ఆ మినిట్సు పుస్తకం లాక్కుని వెనక్కి తిరగేసింది. నాలుగేళ్లుగా ప్రతి నెలా అదే. హాజరు ఒకరు. అదే ప్రతిపాదన. అదే ముగింపు.

"ఇదేం తంతండీ, ఆల్థియా గారూ?"

"మూసెయ్యమని పాస్టరుగారు అడిగారు. కాదనకుండా నెల నెలా పెడుతూనే ఉన్నా. ఇంకేం చెయ్యమంటావు?"

"పోనీ, నేను బలపరుస్తా."

"నువ్వు ఆన్ సంఘం దానివి. ఇందులో చేరాలంటే ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. ఆ రెండో మనిషి ఏదీ?"

హెస్టర్‌కు తేదీ సంగతి వెనకబడింది. ఈ ముడి ఎవరు వేశారో చూడాలనిపించింది. 1889 నాటి మొదటి పుస్తకం అడిగి తీసుకుని, వెలిసిన సిరా మీద వేలు పెట్టి చదువుతూ పోయింది. ఏడో నియమం దగ్గర వేలు ఆగింది. పాస్టరుగారి భార్య, ఎవరూ ప్రతిపాదించనక్కరలేకుండానే సభ్యురాలు.

లేచి పక్కనే ఉన్న పాస్టరుగారి ఇంటికి వెళ్లింది. పాస్టరమ్మగారు మార్సీ ఆసుపత్రిలో నర్సు. అప్పుడే డ్యూటీ దిగింది. సగం తిన్న శాండ్‌విచ్ చేత్తో పట్టుకునే హాల్లోకి వచ్చింది.

"నేను సభ్యురాలినా? ఎప్పట్నించీ?"

"ఈ ఊళ్లో దిగిన రోజునుంచీ," అంది ఆల్థియా. "నలభై ఎనిమిది సమావేశాలకు రాలేదు నువ్వు. కారణం ఏమని రాసుకోను?"

మళ్లీ ప్రతిపాదించింది. మార్సీ బలపరిచింది. అనుకూలం ఎవరంటే మార్సీ చెయ్యెత్తింది. ఆల్థియా చేతులు రెండూ పుస్తకం అంచుల్ని గట్టిగా పట్టుకుని ఉండటం హెస్టర్ చూసింది.

"వ్యతిరేకం?" అని తనే అడిగి, ఆల్థియా తనే చెయ్యెత్తింది.

"అయ్యో, ప్రతిపాదించింది మీరేగా!"

"ప్రతిపాదించమన్నారు, ప్రతిపాదించాను. ఓటు కూడా వెయ్యమని ఎవరూ చెప్పలేదే. ఒకటికి ఒకటి, సమానం. వీగిపోయింది."

మార్సీకి నవ్వొచ్చి శాండ్‌విచ్ గొంతుకు అడ్డం పడింది.

"ఇంకొక్కటి," అంది ఆల్థియా. "హెస్టర్ పామర్‌ను చేర్చుకోవాలని ప్రతిపాదిస్తున్నాను."

మార్సీ దగ్గుతూనే చెయ్యెత్తింది.

"నన్నడగరా?"

"నియమాలన్నీ చదివావుగా. అడగాలని ఎక్కడైనా ఉందా?"

హెస్టర్ నిజంగానే మళ్లీ చూసింది. లేదు.

శుక్రవారం పాస్టరుగారు ఆ పేజీ రెండుసార్లు చదివారు. మార్తా సంఘం, స్థాపన 1889, సభ్యులు ముగ్గురు.

"మూతపడిన తేదీ ఏదీ, హెస్టర్?"

"మీ ఆవిడ్ని అడగండి. మినిట్సు ఇప్పుడు తనే రాస్తోంది."