తలుపవతల మా ఆయన

"నువ్వేం మాట్లాడక్కర్లేదు బెథియా. న్యాయాధికారి అడుగుతాడు, నువ్వు తలూపు. అంతే." పొద్దున్నే ఓట్స్ జావ కలుపుతున్న నాకు మా ఆయన నినియన్ చెప్పిన పాఠం ఇది. ఆయన పేరున్న లాయరు, రెండు ఊళ్ల భూస్వామి. ఇప్పుడు మూడో ఊరు కొనాలని మోజు. అందుకోసం నా క్రెయిగ్‌బర్న్ అమ్మేయాలి. పెళ్లినాడు ఆయనే రాసిచ్చిన పొలం అది. నేను బతికున్నంతకాలం దాని పంటా పాడీ నావి; న్యాయాధికారి ముందు నేను హక్కు వదులుకుంటేనే ఆయన దాన్ని అమ్మగలరు. "ఆడదానికి పొలమెందుకే, ఉప్పేసుకు తింటావా?" అని మా అత్తగారు ఆనాటి నుంచీ అంటూనే ఉన్నారు. ఇరవై రెండేళ్లుగా ఇల్లు నడిపి, ఆరుగుర్ని కని పెంచి, ఆయన దస్తావేజులకు నకళ్లు కూడా నేనే రాశాను. "చేతిరాత ముత్యాలే. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!" అని ఆయన స్నేహితుల ముందు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. అలా నవ్వినందుకు ఇప్పటికీ నామీద నాకే కోపం.

కూపర్ పట్నంలో న్యాయాధికారి గదిలో ఆయన నా పక్కనే కూర్చోబోయారు.

"మీరు బయటుండాలి నినియన్ గారూ. భార్య ఒప్పుకోలు భర్త ఎదుట తీసుకోకూడదని మీకు నేను చెప్పాలా?" అన్నారు ముసలి న్యాయాధికారి.

లాయరుగా ఎంతమంది కక్షిదారుల భార్యలచేత ఈ ఒప్పుకోలు ఇప్పించారో మా ఆయన! తన పెళ్లాం దగ్గరా అదే పద్ధతని తట్టలేదు పాపం. నాకేసి కనుబొమ్మలెగరేసి వెళ్లారు. తలుపు మూశారు.

"అమ్మా, ఎవరైనా బలవంతపెట్టారా? మనస్ఫూర్తిగానే హక్కు వదులుకుంటున్నారా?"

అడిగి, ఆగారు. నేను నోరు తెరిచేదాకా ఆగిన మగవాణ్ణి అంతవరకూ చూడలేదు. అలవాటుకొద్దీ తలూపబోయాను. అంతలో వాగుదాకా పరుచుకున్న నా బార్లీ చేను, నా ఆవులు, తీసిన వెన్న వాసన గుర్తొచ్చాయి. సంతోషంతో ఒళ్లు పులకరించింది. నవ్వు ఆపుకోలేకపోయాను.

"బలవంతమేం లేదండీ. కానీ వదులుకోను."

"ఏమిటమ్మా?"

"వదులుకోను. అలాగే రాయించండి."

న్యాయాధికారి గడ్డంలోనే నవ్వుకున్నారు. పక్కన రాసుకుంటున్న ఆయన గుమాస్తా మాత్రం కంగారుపడ్డాడు. "కారణం ఏమని రాయనమ్మా?"

"చట్టం కారణం అడగదు నాయనా. ఇలాంటి ఒప్పుకోలు పత్రాలకు నకళ్లు ఎన్నిసార్లు రాశానో!"

కలం అందుకుని, మా దేశపు ఆడవాళ్లందరిలాగే, పుట్టింటి పేరుతో సంతకం చేశాను. బయటినుంచి మా ఆయన తలుపు తట్టారు. "ఇంకా ఎంతసేపు? తలూపడానికింత ఆలస్యమా?"

న్యాయాధికారి నావైపు చూశారు.

"ఆగమనండి," అన్నాను. "సిరా ఆరాక పిలుద్దాం."