కత్తిరించిన అంచు

కళాకారుడట, కళాకారుడు! ఏటి ఒడ్డున ఉన్న ఆ పాత ఊరు నిన్నెలా ఉండేదో, నేడెలా ఉందో పక్కపక్కన చూపిస్తూ ప్రదర్శన పెట్టిన ఫోటోగ్రాఫరుగారికి జనం ఇచ్చిన బిరుదు అది. పాత ఫోటో చేత్తో పట్టుకుని, అందులోని గడియార స్తంభం కొసా ఎదురుగా ఉన్న స్తంభం కొసా ఒక్కచోటికి వచ్చేదాకా ముందుకీ వెనక్కీ జరిగి, అప్పుడుగానీ బటన్ నొక్కేవాడు కాదు. అంత ఓపిక. రేవు ఫోటో దగ్గర మాత్రం ఆ ఓపిక చచ్చింది. ఎడమ అంచున ఓ రేకుల షెడ్డు సగం దూరి కనబడింది. అందం చెడుతోందని రెండు ఫోటోల్లోనూ ఆ అంచు కోసి పారేశాడు. పైగా ప్రారంభం రోజున మైకు పట్టుకుని, "వెంట్రుకవాసి కూడా కొయ్యలేదండీ" అన్నాడు. చప్పట్లే చప్పట్లు.

ఆ షెడ్డు పరాయివాళ్ళదా? సొంత అక్క మొగుడిది. అందులో పడవలు బాగుచేసుకుని బతుకుతున్నాడు.

ప్రదర్శన చూసిన మున్సిపాలిటీ ఇంజనీరు ఆ మాట నమ్మి, పాత ఫోటోల్లో లేనివన్నీ తర్వాత లేచిన ఆక్రమణలేనని తేల్చి, తీసేయమని నోటీసులు పంపాడు. బావ ఆ కాగితం పట్టుకుని, తారు మరకల చేతులతోనే స్టూడియోకి వచ్చాడు.

"ఏమోయ్ బామ్మర్దీ, అది మా తాత కట్టిందని మా నాన్న వెయ్యిసార్లు చెప్పాడోయ్. నీ పాత ఫోటోల్లో ఎక్కడైనా ఓ మూల కనిపిస్తుందేమో చూడు."

కొయ్యని అసలు పాత ఫోటో బల్ల సొరుగులో, బావ మోకాలికి జానెడు దూరంలో ఉంది. తీస్తే ఊళ్ళో పరువు గంగలో కలుస్తుంది.

"లేదు బావా" అన్నాడు.

"నువ్వు లేదన్నావంటే లేనట్టే." ఆ మనిషికి కోపమైనా రాలేదు. గడప దాటుతూ, "మీ అక్క నిన్ను తలుచుకుంటోంది, భోజనానికి రా" అని కూడా పిలిచాడు.

ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది ఫోటోగ్రాఫరుకి.

మర్నాడు ఆఫీసు తలుపులు తియ్యగానే అసలు ఫోటో ఇంజనీరు బల్లమీద పెట్టాడు.

"మరి కొయ్యలేదన్నారు?" అందరిముందూ అడిగాడు ఇంజనీరు.

"కోశానండీ."

గుమాస్తాలు కిసుక్కుమన్నారు. నవ్వితే నవ్వనీ, నోటీసు రద్దయింది కదా అనుకుంటూ రేవుకి పరుగెత్తాడు. తీరా చూస్తే బావ నిచ్చెనెక్కి, తన షెడ్డు రేకులు తనే ఊడదీస్తున్నాడు. సగం కప్పు అప్పటికే నేలమీద ఉంది.

"ఆపు బావా! షెడ్డు మనదే! ఇదిగో చూడు!"

బావ దిగి, మరక అంటకుండా ఫోటో అంచులు పట్టుకున్నాడు. షెడ్డు గుమ్మంలో చెక్కసుత్తి పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. ముక్కు అచ్చం బావ ముక్కే.

"మా తాత" అన్నాడు బావ.

"ఆ అంచు నేనే కోశాను బావా. నిన్న అబద్ధం చెప్పాను. నీ కసితీరా తిట్టు."

"తిట్లన్నీ నిన్ననే అయిపోయాయోయ్" అన్నాడు బావ, ఫోటోమీంచి చూపు తిప్పకుండా. "ఇంటికెళ్ళి మా నాన్న ఫోటో ముందు నిలబడి, జీవితమంతా నాకు అబద్ధాలు చెప్పావు కదరా ముసలోడా అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు ఆయనకి ఏం చెప్పమంటావు?"